జనానా కిటికీ కింద గునుగు మడి

మొన్న ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. తోటల చదువు చదువుతున్నారట. “తాతా, గునుగు, తంగేడు లాంటి మన అడవిపూలను పెరట్లో గింజ వేసి పెంచాలంటే ఎట్ల?” అని అడిగారు. నాకు ముందు నవ్వొచ్చింది. బతుకంతా వాటిని పీకి కూడు తిన్నవాడిని నేను, నన్నా పెంచడం అడిగేది! తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. చాయ్ ఇచ్చి, గింజ ఎంత లోతున వేయాలో, నీళ్ళు ఎట్లా చల్లాలో చెప్పి పంపించాను. ఒక సంగతి మాత్రం చెప్పలేదు, నోరు రాలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. తోటపనికి కొత్తగా వచ్చిన పిల్లలు చదివితే చాలు. మిగతావాళ్ళు నవ్వుకున్నా నాకు ఫికర్ లేదు.

రెండో యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. హుస్సేనీ ఆలంలో ఒక నవాబుగారి దేవిడీలో, అంటే ఆయన మేడలో, నేను తోట మాలీని. మా ఇల్లు కిషన్‌బాగ్‌లో. పొద్దున్నే సద్ది తిని నడిచి వచ్చేవాడిని. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. చిన్నప్పటి నుంచి మా నాయన కూరగాయల మడుల్లో కలుపు తీస్తూ పెరిగాను. ఆ కలుపులో సగం గునుగే. పొద్దున పీకితే వారం తిరిగేసరికి మళ్ళీ తల ఎత్తేది. ఆ మొక్క అంటే నాకు పగ ఉండేది. కళ్ళు మూసుకుని తడిమినా ఆకు పట్టి గుర్తుపట్టేవాడిని, గుర్తుపట్టేలోపే వేరుతో సహా చేతిలో ఉండేది.

దేవిడీలో మా పెద్ద మాలీని అందరూ ఉస్తాద్ అనేవారు. తెల్ల గడ్డం, సన్నని మనిషి, కోపం ముక్కు మీద. ఇంగ్లీషు పూలంటే ప్రాణం. ఎవరైనా ఒక రేక తెంపితే తన వేలు తెంపినట్టు అరిచేవాడు. పని మాత్రం కడుపులో దాచుకోకుండా నేర్పాడు, అల్లా ఆయనను చల్లగా చూడాలి.

ఆయన నాకు నేర్పిన మొదటి పని తల దించుకోవడం. నవ్వకండి, నిజం. దేవిడీలో ఆడవాళ్ళు ఉండే భాగాన్ని జనానా అంటారు. జనానా లోపల ఒక తోట ఉండేది. అందులో అడుగుపెట్టేముందు మేం తలుపు దగ్గర గంట కొట్టాలి. ఆడవాళ్ళు లోపలికి తప్పుకుంటారు. అప్పుడు మేం తల దించుకుని వెళ్ళాలి, తల దించుకునే పని చేయాలి, అట్లాగే బయటికి రావాలి. కిటికీ వైపు నుంచి ఏ చప్పుడైనా వచ్చిందంటే ఎవరో ఆడమనిషి అక్కడికి వచ్చిందని అర్థం. మాలీ తల ఇంకా వంచి, చేతిలో పని జల్దీ ముగించి బయటపడాలి. లోపలివాళ్ళ గొంతు మా చెవిన పడకూడదు. వాళ్ళు ఏం చెప్పాలన్నా తలుపు దగ్గరుండే ముసలి పనిమనిషి వచ్చి చెప్పేది. మొదటి రోజే ఉస్తాద్ నా మెడ మీద అరచెయ్యి వేసి కిందికి వంచాడు. “గిట్లనే ఉండాలె. ఈ మెడ లేచిన నాడు నీ నౌకరి గయా, సమఝ్?” అన్నాడు. నాలుగేళ్ళు ఆ తోటలో పని చేశాను. ఆ గోడకు ఎన్ని కిటికీలున్నాయో నాకు తెలియదంటే నమ్మండి.

ఒక ఏడు, మిరుగు వానలు ఇంకా రాకముందు, నవాబుగారు తోటలోకి తానే స్వయంగా వచ్చాడు. అదే మాకు మొదటి దెబ్బ. యాభై ఏళ్ళ మనిషి, ఏ పని ఉన్నా కబురు పంపేవాడే కాని మా దగ్గరికి రావడం మేం ఎరుగం. చేతిలో పిడికెడంత ఎండు సొరకాయ బుర్ర ఉంది, దాని మూతికి గుడ్డపేలిక కుక్కి ఉంది. “ఉస్తాద్, జనానా కిటికీ కింది మడి ఖాళీ చెయ్యి. దీంట్ల ఉన్నయి వెయ్యాలె” అన్నాడు. ఆ తెలుగు వినేసరికి నేను బిత్తరపోయాను. అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉంది.

ఉస్తాద్ బుర్ర మూత తీసి అరచేతిలో ఒంపుకున్నాడు. సన్నని నల్ల గింజలు, నిగనిగ మెరుస్తున్నాయి. వాటి మధ్య అక్కడక్కడ చదునుగా ఉన్న గోధుమరంగు గింజలు.

“సర్కార్, ఇది ఏంది?”

“గునుగు. కొంచెం తంగేడు.”

“గునుగా!” ఉస్తాద్ గింజలను గబగబా బుర్రలో పోసి నవాబుగారి ముందు పెట్టాడు. “తౌబా తౌబా! సర్కార్, గది కలుపు! నా మడిల కలుపు వెయ్యమంటరా?”

“తెలుసు. వెయ్యి.”

నవాబుగారు అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఆయనకు పాలిచ్చి పెంచిన దాది ఒకామె ఆ ఇంట్లోనే ఉంది. తెలుగు పల్లెటూరి మనిషి. అందరూ దాదమ్మ అంటారు. ఆమె ఒళ్ళోనే ఆయనకు తెలుగు వచ్చింది. ఆ ఎండాకాలంలో ఆమె జారిపడితే తుంటి ఎముక విరిగింది, ఇక లేవలేదు. “హకీం సాబ్ చలికాలం దాటుతదో లేదో అన్నడు. యాభై ఏండ్ల సంది ఈ ఇంట్ల ఉన్నది, నన్ను ఒక్కటంటే ఒక్కటి అడుగలే. నిన్న అడిగింది. పండుకున్న కాడ నుంచి తన వాకిట్ల పూలు చూడాలంట” అన్నాడు. ఆమె వాకిలి ఇప్పుడు లేదు. పెద్ద ప్రాజెక్టు కట్టినప్పుడు ఆ ఊరు నీళ్ళ కింద పోయింది. ఊరు ఖాళీ చేసిన రోజు ఆమె వదినె వాకిట్లో పూల గింజలు దులిపి ఈ బుర్రలో పోసి తెచ్చి ఇచ్చిందట. “గీ గింజలే మిగిలినయి. ఇంక లేవు” అని బుర్ర నా చేతిలో పెట్టాడు. “నువ్వు మడుల కాడ పుట్టినోనివి గద. నువ్వు చెయ్యి ఈ పని.”

పెద్ద చిక్కే వచ్చిపడింది. గునుగు పీకడం నాకు తెలుసు, నాటడం ఎవరికి తెలుసు? ఇంటికి వెళ్ళి మా అమ్మను అడిగాను. జొన్నలు చెరుగుతున్న చాట ఆపి నా మొహంలోకి చూసింది. “ఏమైందిరా నీకు, ఎండదెబ్బ తాకిందా? గునుగు నాటుతరా ఎవలన్న? పో, మొహం కడుక్కొని రా” అంది.

చివరికి నాకు తోచినట్టే చేశాను. చేలో అది ఎట్లా పడుతుందో అట్లానే వేయాలనుకున్నాను. పిల్లలూ, ఇది రాసుకోండి. సన్న ఇసుకలో గింజలు కలిపి పైపైన చల్లాలి, మట్టి కప్పకూడదు, అరచేత్తో ఒత్తితే చాలు. వాన ధారకు కొట్టుకుపోకుండా పలచగా గడ్డి పరవాలి. తంగేడు గింజలను వేలితో మట్టిలోకి నొక్కి వదిలేశాను. అది తప్పని తర్వాత తెలిసింది. తంగేడు గింజ పెంకు రాయి లాంటిది. గరుకు రాతి మీద కాస్త రుద్ది, వేడినీళ్ళలో నానేస్తేనే ఆ ఏడు మొలుస్తుంది.

ఇంకో తప్పు కూడా చేశాను. “నాలుగు గింజలు ఎనక ఉంచు బేటా, గిది పని కాయిదా” అని ఉస్తాద్ చెప్పాడు. విన్నానా? సర్కార్ చెప్పిన పని, మడి నిండుగా రావాలని బుర్రను బోర్లించి, తట్టి మరీ చల్లాను. ఒక్క గింజ మిగల్చలేదు. ఆ ఖాళీ బుర్రను మడి చివర ఒక పుల్లకు గుచ్చి గుర్తుగా పెట్టాను.

వారంలోపే మొలకలు వచ్చాయి. మడి మీద పచ్చని నూగు కమ్మినట్టు ఉంది. ముసలి పనిమనిషి తలుపు దగ్గరికి వచ్చి, “దాదమ్మ అడుగుతుంది, మొలిచినయా?” అంది. మొలిచాయన్నాను. లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. “ఎన్ని అని అడుగుతుంది.” మస్తు ఉన్నాయి, లెక్కపెట్టలేనన్ని ఉన్నాయని చెప్పమన్నాను. ఆమె మూడోసారి వచ్చి, “దాదమ్మ నవ్వుతుంది” అని చెప్పిపోయింది. ఆ రోజు నేను ఇంటిదాకా గర్వంగా నడిచాను, దాచడం ఎందుకు.

తర్వాత మూడు వారాలు ఒకటే వాన. తోట నిండా తుంగ, గరిక. ఇంతలో బంధువుల ఇంట్లో పెళ్ళి అని జనానా మొత్తం, పనిమనుషులతో సహా బయలుదేరింది. దాదమ్మ దగ్గర తలుపు కాడి ముసలామె ఒక్కతే మిగిలింది. వాళ్ళు తిరిగి వచ్చేలోపు తోటలో ఏడు మడులూ శుభ్రం చేయాలని ఉస్తాద్ చెప్పాడు. ఆ పొద్దునే ఒక గులాబీ కొమ్మను చిగురు కన్ను ఒకటి ఎక్కువ పోయేలా కోశానని అందరి ముందూ నన్ను తిట్టాడు. “గాడిద కూడ నీకన్న నయం, అడిగి తింటది!” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కలుపు తీసే ఖుర్పీ తీసుకుని లోపలికి వెళ్ళి మొదటి మడి దగ్గర గొంతుకూర్చుని మొదలుపెట్టాను.

కోపంలో చెయ్యి ఎట్లా పనిచేస్తుందో మీకు తెలిసే ఉంటుంది. ఎడమచెయ్యి ఆకు పడుతుంది, కుడిచెయ్యి వేరు లేపుతుంది, మనసు మాత్రం ఉస్తాద్‌తో పోట్లాడుతూ ఉంటుంది. ఆయనకు ఏం జవాబు చెప్పాలో, ఎట్లా చెప్పాలో ఒక్కో మాటా పేర్చుకుంటూ ఒక మడి నుంచి ఇంకో మడికి గొంతుకూర్చునే జరిగాను. తల ఎత్తే అలవాటు ఎట్లాగూ లేదు. నాలుగో మడి అయింది, ఐదోది అయింది. ఆరో మడిలో ఉండగా కిటికీ వైపు నుంచి చప్పుడు వచ్చింది. టక్, టక్, టక్. ఇనప కమ్మి మీద ఏదో కొట్టిన చప్పుడు.

అరె, నవాబుగారి బేగం సాహెబా పెళ్ళి నుంచి అప్పుడే వచ్చేసిందా అనుకున్నాను. నేర్పిన పని నేర్పినట్టే చేశాను. తల మోకాళ్ళ మధ్యకు వంచాను, చేతులు తొందర చేశాను. మళ్ళీ టక్ టక్ టక్, ఈసారి గట్టిగా. నేను ఇంకా వంగాను. పిడికిళ్ళతో పీకాను. ఆ చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది, నేను ఆగకుండా పీకుతూనే ఉన్నాను. మడి చివరికి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని నుదుటి చెమట తుడుచుకున్నాను.

కళ్ళ ముందు పుల్లకు గుచ్చిన సొరకాయ బుర్ర ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. మడి నున్నగా, అద్దంలా ఉంది. నా పక్కన కుప్ప. అందులో తుంగ పోచలు పది ఉంటే ఎక్కువ. మిగతాదంతా లేత గునుగు, వేర్లు పైకి, ఆకులు కిందికి. అప్పటికే ఎండకు వాలిపోయింది. గబగబా నాలుగు మొక్కలు మళ్ళీ గుచ్చి చూశాను. కాడలు నలిగిపోయి ఉన్నాయి, నిలబడలేదు. నా చేతులను నేనే చూసుకున్నాను. ఇవేనా చేసింది? నా చేతులేనా? ఏడవడానికి కూడా ఏడుపు రాలేదు.

ఉస్తాద్ వచ్చి చూసి నోరు తెరిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, తడి నేల మీదనే కూలబడ్డాడు. “యా అల్లా! దాదమ్మ పూలు!” అన్నాడు. చాలాసేపటికి లేచి, గడ్డంలో మట్టి దులుపుకుని, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “సును. గునుగు గునుగే. జల్‌పల్లి చేన్లల్ల మస్తుగుంటది. పోయి తెచ్చి పెట్టు. దాదమ్మ మంచం మీద పండుకున్న మనిషి, పూత ఎత్తుకు లేచేదాంక ఆమెకేం కనవడతది? అడిగితే గా ఊరిదే అను.”

“ఉస్తాద్, అబద్ధం గద.”

“మరి నిజం చెప్తవా? పో, చెప్పు. ఆమె గిప్పుడే పానం ఇడుస్తది.”

నోరు మూసుకున్నాను. మూడో రోజు పొద్దున జల్‌పల్లి వెళ్ళాను. అప్పుడది పల్లెటూరు, జొన్న చేలు. ఒక ఆమె చేలో కలుపు తీస్తోంది. గునుగు మొక్కలు వేర్ల మట్టితో సహా కావాలని అడిగితే నడుము మీద చెయ్యి వేసుకుని నన్ను ఎగాదిగా చూసింది. “తీసుకపో బిడ్డా, చేనంత తీసుకపో, నీ కడుపు సల్లగుండ! పట్నంల గివ్వి గూడ దొరుకుతలేవా?” అని పక్క చేలవాళ్ళను పిలిచి మరీ నవ్వింది. వాళ్ళంతా నవ్వుతూ ఉంటే నేను తవ్వాను. ఒకదాని మీద ఒకటి రెండు గంపలు నెత్తిన పెట్టుకుని వానలో తడుస్తూ వచ్చి, గంట కొట్టి, తల దించుకుని లోపలికి వెళ్ళి, ఆ మడిలో నాటాను. ముదురు మొక్కలు, వానాకాలం, అన్నీ బతికాయి. నేనే రోజూ లోపల కొంచెం కొంచెం చచ్చాను.

బతుకమ్మ రోజులు దగ్గరపడేసరికి మడి నిండా పూత వచ్చింది. కింద గులాబీరంగు, పైకి పోతే వెండి తెలుపు. ఇంగ్లీషు పూల పక్కన అంత బాగుంటాయని నేను కలలో కూడా అనుకోలేదు. ఉస్తాద్ కూడా మూతి ముడుచుకుంటూనే రోజూ ఒకసారి వచ్చి చూసిపోయేవాడు. ఒకరోజు నవాబుగారు దాదమ్మను కుర్చీలో కూర్చోబెట్టి తోటలోకి తెప్పించాడు. ఉస్తాదూ నేనూ గోడ వారగా తల దించుకుని నిలబడ్డాం. నాకు ఆమె పాదాలు మాత్రం కనిపించాయి. చిన్నపిల్ల పాదాలంత ఉన్నాయి.

“దాదీ, నీ ఊరివేనా?” అని నవాబుగారు అడిగాడు.

ఇప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను, ఆమె నాకంటే ముందే అందుకుంది.

“నావే చిన్న పాషా. నా వాకిట్ల పూలే” అంది దాదమ్మ.

ఆయన కళ్ళు తుడుచుకుని, బేగం సాహెబాకు చెప్పడానికి లోపలికి వెళ్ళాడు. ఆయన చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆమె ఆగింది.

“ఓ పిలగా, జర ఇటు రా. తలెత్తు. నేను బేగంను గాను, తలెత్తు.”

ఎత్తాను. ముడతల మొహం, చిన్న కళ్ళు, సూదిలాంటి చూపు.

“ఇవి ఏ ఊరివి?”

“జల్‌పల్లివి, దాదమ్మా.”

“అనుకున్న. రెండు గంపలు ఒక్క నెత్తి మీద మోసుకొస్తివి, మొకం మీది నుంచి బురద కారవట్టె.” కాస్త ఊపిరి తీసుకుంది. “నావి పీకిన నాడు గూడ చూసిన. మొలిచినయని విని చిన్న పాషా నా మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టించిండు, కిటికీల నుంచి కనవడాలని. మొదటి మొక్క కాడి నుంచి చివరి మొక్క దాంక చూసిన.”

ఉస్తాద్ గోడకు ఆనుకున్నాడు.

“ముసలిదాన్ని లేపుదామంటే దానికి చెవులు జర మందం, మొద్దునిద్ర పోతుండె. చేతికి ఉన్న కడియం కమ్మికి కొట్టిన. ఎంత కొడితే అంత వంగితివి. ఎంత కొడితే అంత జల్ది పీకితివి” అంది. కోపంగా కాదు, అది ఎట్లా జరిగిందో తనకూ అర్థంకానట్టు అంది.

“అయ్యో, పిలువరాదా దాదమ్మా! ఒక్క మాట అనరాదా!” అరిచినట్టే అన్నాను. జనానా తోటలో నా గొంతు లేవడం అదే మొదటిసారి.

“ఈ కిటికీల నుంచి యాభై ఏండ్లల్ల ఒక్కనాడు నోరు తెరువలే బిడ్డా. ఆనాడు గొంతు దాంక వచ్చింది, బయటికి రాలే. నువ్వు ఆగకపోతివి. పీకమని ఎవలో చెప్పిన్రేమో అనుకున్న. నేను అడిగింది ఎక్కువైందేమో అనుకున్న. మూడు దినాలు గట్లనే అనుకుంట పండుకున్న. నువ్వు గంపలు మోసుకొచ్చినంక సమజైంది, గిది ఎవలు చెప్పింది గాదు, నీ చెయ్యి చేసిందని.”

నేను కింద కూలబడి ఏడ్చాను. ఆ మూడు రోజుల మాట ఇప్పటికీ నన్ను నిద్ర లేపుతుంది. మొక్కలు పోయినందుకు కాదు. ఆమె అడిగిన ఒకే ఒక్క కోరికను ఈ ఇల్లే తీసేసిందనుకుని, ఎవరినీ ఒక్క మాట అడగకుండా, నున్నటి మడిని చూస్తూ పడుకుందే, అందుకు.

“సర్కార్‌కు ఎందుకు చెప్పలే?” అని ఉస్తాద్ మెల్లగా అడిగాడు.

“చెప్తే ఈ పిలగాని నౌకరి పోతది. నా గింజలు వస్తయా?” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “గా తంగేడు గూడ పీకినవా?”

“అవి మొలువనే లేదు దాదమ్మా. కుళ్ళిపోయినట్టున్నయి.”

“మొలువలేదా?” ఆమె మడి వైపు చూసింది, చాలాసేపు చూసింది. “ఐతే ఇంక మట్టిలనే ఉన్నయన్నట్టు. మడి దున్నకున్రి.”

నవాబుగారు తిరిగి వచ్చాడు, నేను కళ్ళు తుడుచుకున్నాను. చలికాలంలో ఇంగ్లీషు గింజలు వేయడానికి మడి దున్నాలని ఉస్తాద్ ఒకసారి అడిగితే నవాబుగారు వద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. చలి ముదిరిన రోజుల్లో దాదమ్మ పోయింది. ఆయన పాడె వెంట నది ఒడ్డుదాకా కాలినడకన వెళ్ళాడు. మేం మాలీలం వెనక నడిచాం. నా దగ్గర ఆమెకు ఇవ్వడానికి జల్‌పల్లి గునుగు ఎండు కంకులు తప్ప ఏం లేవు, అవే పాడె మీద వేశాను.

తర్వాత నేను ముప్ఫై ఏళ్ళు సర్కారు తోటల్లో పని చేశాను. ఎక్కడ ఏ చప్పుడు వినిపించినా తల ఎత్తేవాడిని. తలుపు కొట్టుకున్నా, గిన్నె పడినా లేచి నిలబడేవాడిని. “నీకు పని మీద ధ్యాస లేదు” అని ఒక పెద్ద ఆఫీసరు నా కాగితాల్లో రాశాడు కూడా. రాసుకోనీ. వేలితో చేసే పనికి కళ్ళు ఎంత అవసరమో, చెవులు అంత అవసరం. అది ఆయనకు చదువులో చెప్పి ఉండరు.

ఇంకొక్కటి మిగిలింది.

మరుసటి ఏడు వానలకు ఆ మడిలో గునుగు తనంతట తానే మొలిచింది. దాన్ని ఒక్కటి కూడా ముట్టలేదు, ఒట్టు. కాని గునుగు మధ్య తంటెం మొలిచింది. అది కూడా కలుపే, చూడ్డానికి తంగేడుకు చుట్టం లాంటిది. దాన్ని వదిలితే గునుగును మింగేస్తుంది. గొంతుకూర్చుని, ఒక్కో ఆకూ చూసుకుంటూ తంటెం పీకుతున్నాను. ఇంకో మొక్క మీద వేళ్ళు పడ్డాయి.

టక్, టక్, టక్.

దాదమ్మ గదిలో ఇప్పుడు మంచం లేదని నాకు తెలుసు. కడియం చప్పుడే అది, నాకు కాక ఎవరికి తెలుస్తుంది? నా మెడ సిగ్గులేకుండా మళ్ళీ వంగింది, పాపిష్టి అలవాటు. అప్పుడు కిటికీలోంచి మగగొంతు కేక వేసింది. జనానా కిటికీలోంచి మగవాడి కేక! తోట దాటి, వరండా దాటి ఇల్లంతా వినిపించింది.

“ఓ పిలగా! తలెత్తు! ఏం పీకుతున్నవో చూసుకో!”

ఎత్తాను. అన్నేళ్ళు పనిచేశాక ఆ కిటికీని అప్పుడు చూశాను. మనిషి ఎత్తు కంటే కాస్త పైన, సన్నని కమ్మీలు. కమ్మీల వెనక నవాబుగారు, చేతిలో దాదమ్మ కడియం.

వేళ్ళ మధ్య ఉన్న మొక్కను చూశాను. ఆకు కొస నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తంటెం అయితే కంపు కొట్టాలి. కొట్టలేదు. ఆకులు సన్నగా, ఎక్కువ జతలు ఉన్నాయి.

“తంగేడు, సర్కార్” అన్నాను. “దాదమ్మ తంగేడు.”

“తెలుసు. పది దినాల సంది చూస్తున్న” అన్నాడు. “పోయే ముందర దాది అంత చెప్పింది. గా మాలీ మంచోడు గని తలెత్తడు, నువ్వు కిటికీల నుంచి చూస్తుండు, కడియం కొట్టు, అప్పటికీ ఎత్తకపోతే నేను అరువని అరుపు నువ్వు అరువు అన్నది.” కడియంతో మడి వైపు చూపించాడు. “ఎన్ని ఉన్నయి?”

మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. ఒక్కో మొక్క పక్కన వేలు పెట్టి లెక్కపెట్టాను.

“నాలుగు, సర్కార్!” అని పైకి చూసి గట్టిగా చెప్పాను.

“ఐదు. నీ మోకాలి కింద ఒకటున్నది.”

మోకాలు తీశాను. ఉంది.